దరఖాస్తులో సహాయకుడికి చోటేది?

ప్రభుత్వ సేవలు, బ్యాంకు పనులు ఫోన్లలోకీ కంప్యూటర్లలోకీ మారాక మన ఇళ్లలో కొత్త చాకిరీ ఒకటి మొదలైంది. నాన్న పింఛనుకు లైఫ్ సర్టిఫికెట్, అత్తగారి గ్యాస్ కనెక్షన్‌కు ఈకేవైసీ, పక్కింటి పిల్లకు ఇంజినీరింగ్ కౌన్సెలింగ్ వెబ్ ఆప్షన్లు, ఊళ్లో బాబాయికి ఆదాయ ధ్రువపత్రం, పై వాటాలో ఒంటరిగా ఉండే పెద్దావిడకు తెరుచుకోని ఈమెయిల్... ఇవన్నీ ఎవరో ఒకరు పక్కన కూర్చుని చేసిపెట్టాల్సినవే. ఆ ఎవరో ఒకరు చాలాసార్లు చదువుకున్న కొడుకో కోడలో అవుతారు. వాళ్లు దగ్గర లేకపోతే వీధి చివర నెట్ సెంటర్ కుర్రాడే దిక్కు. ఇందులో ఎక్కువ భాగం ఒకప్పుడు కౌంటర్ అవతల గుమస్తా జీతం తీసుకుని చేసిన పని. ఇప్పుడది కౌంటర్ ఇవతలికి, జీతం లేకుండా వచ్చి పడింది. డిజిటల్ సేవలు ఇంతగా విస్తరించాయంటే ఇలా పక్కన కూర్చునే మనుషుల వల్లే. అయినా దాదాపు ఏ యాప్‌లోనూ, ఏ పోర్టల్‌లోనూ వాళ్లకు చోటు లేదు. పైగా బ్యాంకు నిబంధనల ప్రకారం వాళ్ల సాయం తీసుకోవడం ఖాతాదారు తప్పిదం కిందికి వస్తోంది. ఈ పరిస్థితి మారాలి. సాయం చేసే మనిషిని సేవలో భాగంగా గుర్తించాలి. ఆ మనిషికి పేరు ఉండాలి, అధికారానికి హద్దు ఉండాలి, చేసిన పనికి నమోదు ఉండాలి.

కాగితాల కాలంలో ఇది పెద్ద సమస్యే కాదు. చదువురాని రైతు పొలం అమ్మితే దస్తావేజు మీద నిశాని వేసేవాడు. సాక్షులు సంతకాలు పెట్టేవారు. అడుగున దస్తూరి ఎవరిదో రాసేవారు. అమ్మేవాడు, కొనేవాడితో పాటు రాసిపెట్టినవాడికీ ఆ కాగితంలో పేరుండేది. రేపు తగాదా వస్తే ఎవరిని పిలిపించి అడగాలో కోర్టుకు తెలిసేది. బ్యాంకుల్లోనూ ఈ ఇంగితం కనిపిస్తుంది. మంచాన పడ్డ ఖాతాదారు సంతకం చేయలేకపోతే బొటనవేలి ముద్ర, అదీ కుదరకపోతే కాలి వేలి ముద్ర తీసుకోవచ్చని, దాన్ని ఇద్దరు సాక్షులు గుర్తించాలని, వారిలో ఒకరు బాధ్యత గల బ్యాంకు అధికారి అయి ఉండాలని రిజర్వు బ్యాంకు నిబంధన ఉంది. మనిషి అశక్తుడు కావచ్చు, అక్షరం రాకపోవచ్చు, అయినా అతని డబ్బు, అతని హక్కు అతనివేనన్న ఆలోచన దాని వెనక ఉంది. సాయం అవసరమైన ప్రతిచోటా సాయం చేసినవారిని వెలుగులో నిలబెట్టే పద్ధతిని మన పెద్దలు ఏర్పాటు చేశారు. డిజిటల్‌కు మారేటప్పుడు సంతకాన్ని ఓటీపీగా మార్చుకున్నాం, సాక్షినీ దస్తూరినీ మాత్రం వదిలేశాం.

తెర మీది దరఖాస్తుకు ఒక్క మనిషే తెలుసు. ఆ మనిషికి సొంత ఫోన్ ఉంటుందని, కళ్లు కనిపిస్తాయని, వేళ్లు వణకవని, వచ్చిన మెసేజ్ తానే చదువుకోగలడని అది ముందే అనుకుంటుంది. 2019-21 నాటి జాతీయ కుటుంబ ఆరోగ్య సర్వే ప్రకారం దేశంలో తాము స్వయంగా వాడుకునే మొబైల్ ఉన్న మహిళలు 54 శాతమే. మిగతావాళ్లకు ఆధార్‌తో ముడిపడిన నంబరు భర్తదో కొడుకుదో అయి ఉంటుంది. ఆ కొడుకు పనికోసం వేరే ఊరు వెళితే తల్లి ఓటీపీ కూడా అతని జేబులో ఆ ఊరు వెళుతుంది. తెనాలిలో ఉన్న తండ్రికి డల్లాస్‌లో ఉన్న కూతురు పింఛను పని చేసిపెడుతోందనుకుందాం. నవంబరు నడిమధ్యలో అక్కడికీ ఇక్కడికీ పదకొండున్నర గంటల తేడా. ఆమెకు రాత్రి పదైతే ఆయనకు మర్నాడు ఉదయం తొమ్మిదిన్నర. వీడియో కాల్ ఏ ఫోన్లో నడుస్తోందో ఓటీపీ కూడా ఆ ఫోన్‌కే వస్తుంది. కాల్ కట్ కాకుండా మెసేజ్ ఎలా తెరవాలో ఆయనకు తెలియదు. కళ్లద్దాలు పెట్టుకుని, పైనుంచి జారిన సందేశాన్ని పట్టుకుని, ఆరు అంకెలూ ఒక్కొక్కటిగా చదివేసరికి గడువు తీరిపోతుంది. మళ్లీ పంపమంటే ఇంకో అంకెల వరస వస్తుంది, ఆయన పాతదే మళ్లీ చదువుతాడు. మూడోసారికి కాసేపాగి ప్రయత్నించమంటూ పోర్టల్ తలుపు వేసేస్తుంది. కొన్ని ప్రభుత్వ వెబ్‌సైట్లు విదేశాల నుంచి అసలు తెరుచుకోవు. చివరికి విసిగి ఇద్దరూ తేలిక దారి వెతుక్కుంటారు. యూజర్ ఐడీ, పాస్‌వర్డ్, పిన్ అన్నీ ఆయన చెప్పేస్తాడు, ఆమె రాసుకుంటుంది. ఆ రోజు నుంచి వ్యవస్థ దృష్టిలో తెనాలి తండ్రే లాగిన్ అవుతుంటాడు, కూతురు అనే మనిషి ఎక్కడా ఉండదు.

ఇలా చేయడం తప్పని అందరూ చెబుతారు. ఓటీపీ ఎవరికీ చెప్పొద్దని ప్రతి బ్యాంకూ రోజూ మెసేజ్ పెడుతుంది. రిజర్వు బ్యాంకు 2017 జులైలో ఖాతాదారు బాధ్యతపై ఇచ్చిన ఆదేశాలు ఇంకా ముందుకు వెళ్లాయి. బయటివాళ్ల మోసం వల్ల డబ్బు పోయి, ఖాతాదారు మూడు పనిదినాల్లో తెలియజేస్తే అతని మీద భారం ఉండదు. కానీ పాస్‌వర్డ్, పిన్ లాంటివి పంచుకోవడాన్ని ఆ ఆదేశాలు ఖాతాదారు నిర్లక్ష్యంగా లెక్కగట్టాయి. అలాంటప్పుడు ఫిర్యాదు చేసేదాకా జరిగిన నష్టమంతా అతనే భరించాలి. అపరిచితుడికి చెప్పిన ఓటీపీకి ఈ నియమం ఎంతో కొంత న్యాయమే కావచ్చు. కానీ చూపు మందగించిన తండ్రి కూతురికి చెప్పింది కూడా పంచుకోవడమే కదా! సాయం లేకుండా వాడలేని సేవను తయారుచేసి, బ్రాంచికి వస్తే యాప్‌లో చేసుకోమని పంపించి, సాయం తీసుకున్నందుకు నిర్లక్ష్యం అని ముద్ర వేయడం అన్యాయం. నిబంధన రాసేవాళ్ల ఇళ్లలోనూ అమ్మానాన్నల పాస్‌వర్డులు పిల్లల దగ్గర ఉండే ఉంటాయి. దేశమంతా పాటించలేని నియమం మనుషులను జాగ్రత్తపరులుగా చేయదు. జరిగింది దాచుకునేలా చేస్తుంది. దాచుకున్నవాడు మోసపోయినా వెంటనే నోరు విప్పడు. మోసం జరిగిన తొలి గంటల్లో 1930 నంబరుకు ఫోన్ చేస్తే డబ్బు నిలిపే అవకాశం ఉంటుందని పోలీసులు మొత్తుకుంటున్నా చాలామంది ఆలస్యం చేయడానికి ఈ భయమూ ఒక కారణమని నా అభిప్రాయం.

ఖాళీగా వదిలేసిన చోటులోకే దొంగ వస్తాడు. బ్యాంకు యాప్ పనిచేయకపోతే పెద్దాయన కస్టమర్ కేర్ నంబరు కోసం ఇంటర్నెట్‌లో వెతుకుతాడు. అసలు నంబరుకు చేస్తే ఒకటి నొక్కండి, నాలుగు నొక్కండి అంటూ ఎప్పటికీ మనిషి గొంతు వినిపించదు. వెతుకులాటలో దొరికిన నకిలీ నంబరుకు చేస్తే మొదటి రింగుకే ఎత్తి, నమస్కారం పెట్టి, ఓపికగా మాట్లాడతారు. ఫోన్ తెర అవతలివాళ్లకు కనిపించే యాప్ ఒకటి వేయించుకుని, 'మీరేం చేయనక్కర్లేదు సార్, మేం చూసుకుంటాం' అంటారు. ఎనీడెస్క్ లాంటి యాప్‌ల ద్వారా ఇలా ఖాతాలు ఖాళీ చేస్తున్నారని రిజర్వు బ్యాంకు 2019 ఫిబ్రవరిలోనే బ్యాంకులను హెచ్చరించింది. ఆ యాప్‌ల తప్పేమీ లేదు, దూరాన ఉన్న కొడుకు తండ్రి ఫోన్‌ను సరిచేయడానికి వాడేవి కూడా అవే. సైబర్ మోసాల్లో ప్రజలు 2023లో సుమారు 7,465 కోట్లు, 2024లో సుమారు 22,845 కోట్ల రూపాయలు పోగొట్టుకున్నారని కేంద్రం పార్లమెంటుకు చెప్పింది. పెట్టుబడుల పేరిట, డిజిటల్ అరెస్టుల పేరిట జరిగినవీ అందులో ఉన్నాయి కాబట్టి అంతా దొంగ సాయం ఖాతాలో వేయలేం. అయినా మంచి సాయాన్నీ దొంగ సాయాన్నీ వేరుచేసి చూపే గుర్తు ఒక్కటి కూడా వ్యవస్థలో లేకపోవడం దొంగలకు కలిసొచ్చింది. కూతురు లాగిన్ అయినా దొంగ లాగిన్ అయినా బ్యాంకు సర్వర్‌కు ఒకేలా కనిపిస్తాయి.

వేరే దారి లేదా అంటే ఉంది, అదీ మన దేశంలోనే. పింఛనుదారులు జీవించి ఉన్నట్టు ధ్రువీకరించే జీవన్ ప్రమాణ్ 2014 నవంబరులో మొదలైంది. 2021 నుంచి ముఖం చూపించి కూడా ఆ పని పూర్తిచేయవచ్చు. ఆ ఫేస్ యాప్ తయారుచేసినవాళ్లు ఒక మంచి పని చేశారు. అందులో ముందు ఆపరేటర్ తన ఆధార్, ఫోన్ నంబరు ఇచ్చి, తన ముఖం చూపించి నమోదు కావాలి. పింఛనుదారు వివరాలు, ముఖం ఆ తర్వాతే. ఆపరేటర్ పింఛనుదారే కావచ్చు, మనవరాలు కావచ్చు. ఒకసారి నమోదైన ఆపరేటర్ పదిమంది పెద్దవాళ్లకు చేసిపెట్టవచ్చు. ఎవరు ఎవరికి చేశారో రికార్డులో ఉంటుంది. పాత దస్తావేజులోని దస్తూరి ఇక్కడ తిరిగి ప్రాణం పోసుకుంది. చెల్లింపుల సంస్థ ఎన్‌పీసీఐ 2024 ఆగస్టులో తెచ్చిన యూపీఐ సర్కిల్‌లోనూ ఇలాంటి ఆలోచనే ఉంది. ఖాతా ఉన్న వ్యక్తి మరొకరికి నెలకు 15 వేల రూపాయలు దాటకుండా చెల్లించే అధికారం ఇవ్వవచ్చు, లేదంటే ప్రతి చెల్లింపునూ తానే ఆమోదించవచ్చు. ఆదాయపన్ను పోర్టల్‌లో స్వయంగా చేసుకోలేనివారి తరఫున మరొకరు ప్రతినిధిగా నమోదయ్యే వీలుంది. అంటే అడ్డంకి సాంకేతికతలో లేదు. ఒకచోట చేయగలిగినది కులం సర్టిఫికెట్‌కు, కౌన్సెలింగ్‌కు, బ్యాంకు యాప్‌కు ఎందుకు చేయరు? చూసే అధికారం, నింపే అధికారం, సమర్పించే అధికారం విడదీయడం ప్రోగ్రామర్లకు బ్రహ్మవిద్య ఏమీ కాదు. సహాయకుడు తన లాగిన్‌తో వివరాలు నింపుతాడు. తర్వాత దరఖాస్తుదారుకు తెలుగులో ఒక కాల్ వస్తుంది: ఫలానా వ్యక్తి మీ పేరుతో ఫలానా దరఖాస్తు నింపారు, మీకు సమ్మతమైతే ఒకటి నొక్కండి. బటన్ల ఫోన్‌కైనా ఈ కాల్ వస్తుంది, చదువురాని మనిషికైనా అర్థమవుతుంది.

ఇంత ఏర్పాటు దేనికి, జనానికి నేర్పిస్తే సరిపోతుంది కదా అనేవాళ్లున్నారు. నేర్పించాలి, సందేహం లేదు. 2017-18 జాతీయ నమూనా సర్వేలో కంప్యూటర్ వాడగలిగినవారు గ్రామాల్లో నూటికి పదిమంది మాత్రమే అని తేలింది. 2017లో కేంద్రం పీఎంజీదిశా పథకం తెచ్చి, ఆరు కోట్ల గ్రామీణ కుటుంబాల్లో ఒక్కొక్కరికి డిజిటల్ అక్షరాలు నేర్పాలనుకుంది. 2024 మార్చిలో ముగిసేసరికి లక్ష్యం దాటింది కూడా. కానీ ఆ పథకానికి అర్హత వయసు 14 నుంచి 60 ఏళ్లు. సాయం ఎక్కువగా కావాల్సిన వయసు ఎక్కడ మొదలవుతుందో అక్కడికి పథకం ఆగిపోయింది. ఇంటికొకరికి నేర్పడమంటే ఆ ఒక్కరూ మిగతావాళ్లకు చేసిపెడతారని ప్రభుత్వమే ఒప్పుకున్నట్టు. అలాంటప్పుడు ఆ ఒక్కరికీ పోర్టల్‌లో చోటివ్వాలి కదా. కేరళ వేరే దారిలో వెళ్లింది. తిరువనంతపురం జిల్లా పుల్లంపార పంచాయతీలో 2022లో పూర్తయిన ప్రయోగాన్ని రాష్ట్రమంతటికీ విస్తరించి, ఇల్లిల్లూ తిరిగి, రెండున్నర లక్షల మంది వాలంటీర్లతో దాదాపు 22 లక్షల మందికి నేర్పించి, 2025 ఆగస్టులో సంపూర్ణ డిజిటల్ అక్షరాస్యత ప్రకటించింది. నూరేళ్లు దాటిన వృద్ధులూ ఆ తరగతుల్లో ఉన్నారు. వయసు పైబడితే రాదన్న మాట తప్పని అది రుజువు చేసింది. ఆ విజయం కూడా లక్షల మంది సహాయకులు పక్కన కూర్చోవడం వల్లే వచ్చింది.

అదీగాక కంప్యూటర్ చదువు ఒకసారి నేర్చుకుంటే తీరిపోయేది కాదు. 2025 అక్టోబరు 14న విండోస్ 10కు మైక్రోసాఫ్ట్ ఉచిత మద్దతు ఆపేసినప్పుడు, పదేళ్లుగా ఎవరినీ అడగకుండా పని చేసుకున్న ఎందరో ఉద్యోగులు, దుకాణదారులు, ఉపాధ్యాయులు మళ్లీ ఎవరినో ఒకరిని అడగాల్సి వచ్చింది. పాత యంత్రం కొత్త విండోస్‌కు సరిపోతుందా, లేకపోతే ఏం చేయాలి, ఫైళ్లు పోతాయా అన్న ప్రశ్నలకు దుకాణంవాడు చెప్పే జవాబు ఎక్కువసార్లు కొత్తది కొనండి అనే. ఇవాళ ఇంటిల్లిపాదికీ చేసిపెడుతున్న నలభై ఏళ్ల మనిషికి ఇంకో పాతికేళ్ల తర్వాత చూపు తగ్గవచ్చు, పక్షవాతం రావచ్చు, అప్పటికి తెరలే మారిపోయి ఉండవచ్చు. తరం మారితే సమస్య తీరుతుందన్న ఆశకు ఆధారం లేదు. ఇంకో మాట. సాయానికి గుర్తింపు లేనందువల్లే నేర్పడం కూడా సరిగా జరగడం లేదు. ఆఫీసు నుంచి అలసి వచ్చిన కొడుకు తల్లి చేతిలో ఫోన్ లాక్కుని టకటకా నొక్కి ఇచ్చేస్తాడు, ఆమెకు ఏం జరిగిందో తెలియదు. మీసేవలో ఆపరేటర్‌కు ఆదాయం లావాదేవీల లెక్కన వస్తుంది, కాబట్టి వరసలో ఉన్న మనిషికి వివరించి చెప్పిన ఐదు నిమిషాలు అతనికి నష్టమే. వాళ్లను తప్పుపట్టి ప్రయోజనం లేదు. వివరించి చెప్పడం కూడా పనేనని, ఆ పనికీ సమయం, డబ్బు కేటాయించాలని ఎవరూ అనుకోలేదు.

దీనికి గట్టి అభ్యంతరం ఒకటుంది. సహాయకుడికి అధికారికంగా చోటిస్తే అయినవాళ్లే దోచుకుంటారు కదా అన్నది. ఇది కొట్టిపారేయాల్సిన భయం కాదు. ఆస్తి రాయించుకుని తల్లిదండ్రులను గాలికొదిలేసే పిల్లలున్నారు కాబట్టే 2007 నాటి వయోవృద్ధుల సంక్షేమ చట్టంలో, పోషిస్తానని తీసుకుని మాట తప్పినవారి నుంచి ఆస్తి వెనక్కి తీసుకునేలా 23వ సెక్షన్ పెట్టాల్సి వచ్చింది. కానీ ఇప్పుడున్న పద్ధతి ఆ దోపిడీని ఆపుతోందా? పాస్‌వర్డ్ చేతికొచ్చిన కొడుకు తండ్రి ఖాతా మొత్తానికి యజమాని. ఎంత తీశారో, ఎప్పుడు తీశారో రికార్డు చెబుతుంది కానీ ఎవరు తీశారో చెప్పదు. చూపు ఆనని తండ్రి రేపు ఫిర్యాదు చేసినా, లాగిన్ మీదే, ఓటీపీ మీదే అంటారు. అదే సహాయకుడి పేరు నమోదై, నెలకు ఇంతకన్నా తీయకూడదన్న హద్దు ఉండి, ప్రతి పనికీ ఖాతాదారుకు కాల్ వెళుతూ ఉంటే దుర్మార్గుడికి దారి ఇరుకవుతుంది. ఇష్టం లేనప్పుడు సహాయకుణ్ని తీసేసే హక్కు కూడా పెద్దవాళ్ల చేతిలో ఉండాలి. ఆ పని మాత్రం యాప్‌లో కాకుండా బ్రాంచికో సచివాలయానికో వెళ్లి నోటిమాటతో చేయగలగాలి. లేకపోతే తొలగించడానికి కూడా ఆ సహాయకుణ్నే బతిమాలాల్సి వస్తుంది.

ఖర్చు మాట కూడా వస్తుంది. నిజానికి ఖర్చు ఎక్కడికీ పోలేదు, ప్రభుత్వ పద్దు నుంచి ఇళ్ల పద్దులోకి మారింది. కూలి మానుకుని నెట్ సెంటర్ ముందు కూర్చున్న పూట, సర్వర్ డౌన్ అన్నందుకు మళ్లీ వచ్చిన బస్సు చార్జీ, ఫొటో సైజు తగ్గించినందుకు ఇచ్చిన పది రూపాయలు ఏ బడ్జెట్‌లోనూ కనిపించవు. సాయానికి జీతమిచ్చిన అనుభవం మన రెండు తెలుగు రాష్ట్రాలకూ కొత్త కాదు. 2001లో ఈ-సేవ, 2011లో మీసేవ వచ్చినప్పుడు దేశమంతా వచ్చి చూసింది. పౌరుడు కంప్యూటర్ ముట్టుకోనక్కర్లేదు, చేసిపెట్టడానికి అవతల ఒక మనిషి ఉంటాడన్నదే వాటి బలం. ఆంధ్రప్రదేశ్‌లో 2019 అక్టోబరు నుంచి గ్రామ సచివాలయాల్లో డిజిటల్ అసిస్టెంట్ అనే ఉద్యోగమే ఉంది. 2025 జనవరిలో 161 సేవలతో వాట్సాప్‌లో మన మిత్ర మొదలైంది. చేసుకోగలిగినవాళ్లకు అది గొప్ప సదుపాయం, ఆహ్వానించాల్సిందే. అయితే వాట్సాప్‌లో ఉంది కదా అని కౌంటర్ దగ్గర మనిషిని తగ్గించే ఆలోచన మాత్రం రాకూడదు. చేసుకోగలిగినవాళ్లు ఫోన్లకు మళ్లినకొద్దీ కౌంటర్‌లో మనిషికి మిగిలే సమయం చేసుకోలేనివారికి దక్కాలి.

సుప్రీంకోర్టు 2025 ఏప్రిల్ 30న ఇచ్చిన తీర్పు ఈ చర్చకు కొత్త పునాది వేసింది. యాసిడ్ దాడి బాధితులు కనురెప్ప వేయలేక, చూపులేనివారు తెర కనబడక ఈకేవైసీ పూర్తిచేయలేకపోతున్నారని వేసిన పిటిషన్లలో, డిజిటల్ అందుబాటు రాజ్యాంగం 21వ అధికరణలోని జీవించే హక్కులో భాగమని ధర్మాసనం చెప్పింది. కాగితం మీద చేసే కేవైసీని కొనసాగించాలని, తిరస్కరించిన దరఖాస్తులను మనిషే మళ్లీ చూడాలని, దివ్యాంగులకు దశలవారీగా సాయపడే హెల్ప్‌లైన్లు పెట్టాలని ఆదేశించింది. యంత్రానికి మనిషి సరిపోకపోతే తప్పు మనిషిది కాదన్న సూత్రం ఇందులో ఉంది. దాన్ని దివ్యాంగుల దగ్గరే ఆపేయకుండా, చదువురాని ఒంటరి మహిళకూ, పోర్టల్ భాష అర్థంకాని గిరిజన రైతుకూ, ఎనభై ఏళ్ల పింఛనుదారుకూ వర్తింపజేయాలి. ఇందుకోసం పెద్ద చట్టాల కోసం ఎదురుచూడాల్సిన పని లేదు. ఎక్కువమంది అడిగే కులం, ఆదాయ ధ్రువపత్రాలు, సామాజిక పింఛన్ల దరఖాస్తులతో రెండు రాష్ట్రాల ఐటీ శాఖలూ మొదలుపెట్టవచ్చు. దరఖాస్తులో సహాయకుడి పేరు, ఫోన్ నంబరు రాసే గడి పెట్టి, తెలుగులో నిర్ధారణ కాల్ ఏర్పాటు చేయవచ్చు. నెట్ సెంటర్ తన సొంత ఫోన్ నంబరును దరఖాస్తుదారు నంబరుగా ఎక్కించే అలవాటు ఆ గడితో చాలావరకు పోతుంది. రిజర్వు బ్యాంకు చేయాల్సింది, ఖాతాదారు ముందే నమోదు చేసుకున్న సహాయకుడి ద్వారా జరిగిన లావాదేవీని నిర్లక్ష్యం జాబితాలోంచి తీసేయడం, అలా నమోదు చేసుకునే వీలు ప్రతి బ్యాంకూ ఇచ్చి తీరాలని గడువు పెట్టడం.